ఆ థర్మోస్టాట్ కొనకండి, కొని ఉంటే బిగించకండి

మరుగుతున్న నీళ్ళలో పది నిమిషాలు ఉంచినా తెరుచుకోని థర్మోస్టాట్‌ను (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని, కూలెంట్‌ను అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని రేడియేటర్‌కు వదిలే వాల్వు) అసలైన కంపెనీ వస్తువని చెప్పి నాకు అంటగట్టారు. ఆన్‌లైన్‌లో కారు విడిభాగాలు కొనేవారిలో చాలామందికి ఆ అమ్మకందారు తెలిసే ఉంటారు కాబట్టి పేరు రాయడం లేదు. ఇంజిన్ హెడ్ విప్పించుకుని నిన్ననే తిరిగి వచ్చాను, కోపం ఇంకా చల్లారలేదు.

నిజానికి నా కారులో మొదట ఉన్న లోపం చిన్నది. ఎంత దూరం నడిపినా ఉష్ణోగ్రత ముల్లు సగానికి చేరడం లేదు, హీటరు నుంచి వేడిగాలి సరిగా రావడం లేదు. చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే రేడియేటర్ పై గొట్టం కొంతసేపు చల్లగానే ఉండి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక ఒక్కసారిగా వేడెక్కాలి. నా కారులో అది మొదటి నిమిషం నుంచే మెల్లగా వెచ్చబడుతోంది. పాతది తెరుచుకున్న స్థితిలోనే బిగుసుకుపోయిందని గ్రహించి కొత్తది తెప్పించాను.

కొనే ముందు అడిగిన ప్రతి ప్రశ్నకూ నిమిషంలో జవాబు వచ్చింది. "అసలైనదే సార్, పూచీ మాది" అన్నారు. వచ్చిన వస్తువు మీద 82 అని అంకె ఉంది, అంటే 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి. పెట్టెకు సీలు ఉంది. అయితే వారు పెట్టిన ఫోటోలో అంచు మీద గాలి పోవడానికి కదిలే చిన్న పిన్ను ఉంది, నా చేతికి వచ్చినదానిలో లేదు. ఆ తేడా నా కంట పడింది, అయినా పట్టించుకోకుండా బిగించేశాను. కూలెంట్ నింపాక పై గొట్టం వేడెక్కేదాకా, ఫ్యాన్ ఒకసారి తిరిగేదాకా ఇంటి దగ్గరే ఇంజిన్‌ను నడిపి చూడవలసింది. అది కూడా చేయలేదు. ఈ రెండు తప్పులూ నావే.

ఎత్తు ఎక్కుతుండగా ముల్లు ఎరుపు గీత దాటింది. బండి ఆపి బానెట్ తెరిచాను. ఫ్యాన్ తిరగడం లేదు కాబట్టి లోపం ఫ్యాన్‌దేనని పొరబడ్డాను; నా కారులో ఫ్యాన్ స్విచ్ రేడియేటర్‌లో ఉంటుందనీ, వేడి కూలెంట్ అక్కడికి చేరకపోతే అది తిరగదనీ ఆ కంగారులో తట్టలేదు. కాసేపు చల్లారనిచ్చి ఇంటిదాకా నడిపాను. మరునాటి ఉదయం ఆయిల్ మూత తీసి చూస్తే లోపలి వైపు పాలమీగడ రంగు నురగ పట్టి ఉంది. కూలెంట్ ఆయిల్‌లో కలిసిందన్నమాట. ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయింది, అల్యూమినియం హెడ్ వంగింది.

విప్పి తీసిన ఆ థర్మోస్టాట్‌ను దారం కట్టి, అడుగుకు తగలకుండా గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి పొయ్యి వెలిగించాను. 82 దాటింది, 90 దాటింది, 95 దాటింది, నీళ్ళు తెర్లాయి. వాల్వు వెంట్రుకవాసి కూడా కదలలేదు. లోపలి గుళికలోని మైనం వేడికి ఉబ్బి వాల్వును నెట్టాలి. ఆ గుళికలో అసలు మైనం ఉందో లేదో వారికే తెలియాలి. అదే గిన్నెలో, అదే థర్మామీటర్‌తో, మెకానిక్ ఇచ్చిన మరొక థర్మోస్టాట్‌ను పరీక్షిస్తే 83 దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, నీళ్ళు మరిగేలోపే పూర్తిగా తెరుచుకుంది.

రెండు వీడియోలూ అమ్మకందారుకు పంపాను. అంతకుముందు నిమిషంలో జవాబిచ్చినవారు రెండు రోజులు పలకలేదు. మూడో రోజు వచ్చిన జవాబు ఇది: "బిగించిన వస్తువు వాపసు తీసుకోము. ఇంటి పరీక్షలు చెల్లవు. పని రానివాళ్ళు బండి విప్పకూడదు." ఫోటోలోని పిన్ను నా వస్తువులో ఎందుకు లేదని అడిగాను. జవాబు రాలేదు. పది నిమిషాల తరువాత అదే పేజీ తెరిచి చూస్తే ఫోటో మారిపోయింది! కొత్త ఫోటోలో పిన్ను లేదు. నేను అడిగిన ప్రశ్నను చదివి, సమాధానం చెప్పడానికి బదులు సాక్ష్యాన్ని తుడిచేశారు. ఆ వెంటనే నన్ను బ్లాక్ చేశారు. వస్తువు చెడిపోయి రావడం ఎక్కడైనా జరగవచ్చునని సరిపెట్టుకునేవాడినేమో గాని, ఈ పనిని మాత్రం క్షమించలేను. పాత ఫోటో నా దగ్గర లేదు.

కాబట్టి కొనే రోజే ఫోటోను, వివరాలను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఎవరి దగ్గర కొన్నా థర్మోస్టాట్‌ను బిగించే ముందు వేడి నీళ్ళలో పరీక్షించి, వీడియో తీయండి. అప్పుడు "బిగించారు కదా" అన్న మాట వారి నోట రాదు. ముల్లు ఎరుపులోకి వెళ్తే నాలాగా ఇంటిదాకా నడపకండి, ఇంజిన్ పూర్తిగా చల్లారే వరకు రేడియేటర్ మూత ముట్టుకోకండి. ఇదే అమ్మకందారు దగ్గర 82 అంకె ఉండి పిన్ను లేని థర్మోస్టాట్ కొన్నవారు ఉంటే ఇక్కడ రాయండి, ఫిర్యాదు కలిసి వేద్దాం.