జాగ్రత్త: "దయ, మర్యాద నేర్పే జంతువుల కథలు" సెట్టు కొనేముందు లోపలి పేజీలు చదవండి

పది పుస్తకాల సెట్టు, అట్టల మీద ముద్దొచ్చే కుందేళ్లు, ఏనుగు పిల్లలు, పైన "దయ, మర్యాద నేర్పే కథలు" అని పెద్ద అక్షరాలు. ఆన్‌లైన్‌లో కొన్న ఇలాంటి ఒక సెట్టులో ఆరు పుస్తకాలు పిల్లల చేతికి ఇవ్వదగ్గవి కావు. కాగితం బాగానే ఉంది, రంగులూ బాగానే ఉన్నాయి. కథల్లోనే తేడా ఉంది. ఇలాంటివి చాలా చోట్ల రకరకాల పేర్లతో అమ్ముడవుతున్నాయి కాబట్టి ఏం చూసుకోవాలో వివరంగా రాస్తున్నాం.

ముందు భాష. అందులోని ఒక పేజీ ఇది. కుందేలు పిల్ల ముసలి ఏనుగు దగ్గరికి వెళ్లి "దయచేసి నాకు ఒక అరటిపండు ఇవ్వు" అంటుంది. ఏనుగు ఇస్తుంది. "ధన్యవాదాలు, మీరు చాలా దయగలవారు" అంటుంది కుందేలు. "మీకు స్వాగతం" అంటుంది ఏనుగు.

ఏనుగును "ఇవ్వు" అన్న పిల్లే మరుక్షణం "మీరు" అంటోంది. "స్వాగతం" గడప దాటి వచ్చినవాళ్లతో అనే మాట, పండు చేతిలో పెట్టాక అనేది కాదు. వేరే భాష కథను యంత్రంతో తెలుగు చేయించి, ఒక్కరు కూడా చదవకుండా అచ్చుకు పంపితే ఇలాగే తయారవుతుంది. మన మాటల్లో మర్యాద "దయచేసి"లో కన్నా క్రియ చివర ఎక్కువ ఉంటుంది: రా, రండి, ఇస్తావా, ఇస్తారా. పిలుపులో ఉంటుంది: తాతా, అత్తా, మామా. "ఏనుగు తాతా, నాకో పండు ఇస్తారా?" అంటే చాలు. "ఇదిగో, తీసుకోమ్మా" అంటే ఏనుగు మంచితనం కూడా తెలిసిపోతుంది. తాతను నువ్వు అనే ఇళ్లూ ఉన్నాయి, అందులో తప్పు లేదు. ఒకే పిల్ల ఒకే పేజీలో ఒకరినే రెండు రకాలుగా పిలవడమే తప్పు. వినే వయసు పిల్లలు విన్నది విన్నట్టే పట్టేస్తారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

యంత్రం అనువాదానికి ఇంకో గుర్తు: "కోతి చెట్టు ఎక్కాడు" అని ఒక వాక్యం, "కోతి కిందికి దిగింది" అని తర్వాతి వాక్యం. నమూనా పేజీలో ఇది ఒక్కసారి కనిపించినా ఆ సెట్టు వదిలేయండి.

తర్వాత చూడాల్సింది కథల ఎంపిక. పేరు మర్యాద కథలని, లోపల సగం పంచతంత్రం. పంచతంత్రం గొప్పదే, కానీ అది రాజకుమారులకు లోకజ్ఞానం నేర్పడానికి చెప్పిన కథల గ్రంథం. అందులోని మిత్రభేదం అనే భాగంలో దమనకుడనే నక్క చాడీలు చెప్పి, స్నేహంగా ఉన్న సింహానికీ ఎద్దుకీ మధ్య చిచ్చు పెడుతుంది. సింహం ఎద్దును చంపేస్తుంది. నక్క దర్జాగా మంత్రి పదవిలో ఉంటుంది. పదేళ్ల పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవడానికి మంచి కథ. మూడేళ్ల పిల్లలకు "దయ నేర్పే కథ" అని అమ్మడం మాత్రం మోసం. నక్క పళ్లెంలో పాయసం పోసి కొంగను ఏడిపిస్తే, కొంగ సన్నమూతి కూజాతో బదులు తీర్చుకునే కథ కూడా అంతే. అందులో పిల్లలకు ముందు అందేది దెబ్బకు దెబ్బ. దయ కావాలంటే సింహం, చిట్టెలుక కథ ఉందో లేదో చూడండి. సింహం ఎలుకను వదిలేస్తుంది, తర్వాత ఎలుక వల కొరికి సింహాన్ని విడిపిస్తుంది. ఆ వల కొరికే ఘట్టాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారా, బొమ్మతో నింపాదిగా చెప్పారా అన్నది కూడా గమనించండి.

భయపెట్టి ముగించే కథలు ఇంకో రకం. "పిల్లి పెద్దలకు నమస్కారం పెట్టలేదు. తోడేలు వచ్చి ఎత్తుకుపోయింది. కాబట్టి మర్యాదగా ఉండాలి." ఇందులో మర్యాద ఎలా ఉంటుందో ఎక్కడా చూపించలేదు. మంచి కథలో పిల్లి ఒకరి మాట మధ్యలో అడ్డొస్తుంది, ఎదుటివాళ్ల ముఖం చిన్నబోతుంది, పిల్లి అది చూస్తుంది, మళ్లీ వచ్చి ఆగి వింటుంది. ఈ వరుస లేని కథకు చివర్లో నీతివాక్యం ఎంత పెద్దగా అచ్చువేసినా లాభం లేదు.

బొమ్మల దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టండి. రెండో పేజీలో ఎర్ర కండువా కట్టుకున్న ఎలుగుబంటి నాలుగో పేజీలో నీలం కండువాతో, వేరే ముఖంతో ఉందా? సాలీడుకు ఎనిమిది కాళ్లు ఉన్నాయా? తోక ఒంటికి అతుక్కుని ఉందా? యంత్రంతో గీయించి సరిచూడకుండా వదిలేసిన పుస్తకాల్లో ఇవే తప్పులు.

అమ్మేవాళ్లు ఇచ్చిన అంకెల్లోనే సగం గుట్టు బయటపడుతుంది. "96 పేజీల్లో 100 కథలు" అంటే కథకు ఒక్క పేజీ కూడా రాదు, అవి కథలు కావు, సారాంశాలు. మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకానికి పేజీల సంఖ్య 4తో భాగించబడాలి. 16, 24, 32 కాకుండా 30 అని రాస్తే ఆ వివరాలు రాసినవాళ్లు పుస్తకం చూసి రాయలేదేమోనని అనుమానించండి. వెనక అట్ట మీద ప్రతి పుస్తకానికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ ఉంటే 13 అంకెలు ఉండాలి, 978తోనో 979తోనో మొదలవ్వాలి. ఎడమ నుంచి మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 3తో, మూడోదాన్ని మళ్లీ 1తో, అలా చివరిదాకా గుణించి కూడండి. మొత్తం 10తో భాగించబడకపోతే ఆ నంబరు తప్పు. చిన్న ప్రచురణకర్తలు నంబరు లేకుండా వేసిన మంచి పుస్తకాలూ ఉంటాయి. లేకపోవడం నేరం కాదు, తప్పుడు నంబరు వేయడం అనుమానించాల్సిన సంగతి.

అచ్చులో ఒత్తులు చూడండి. "నక్క" ఉండాల్సిన చోట "నక్‌క", "అమ్మ" బదులు "అమ్‌మ" అని విడిపోయి ఉంటే, పేజీలు కూర్చిన సాఫ్ట్‌వేర్‌లో మన లిపి అమరిక సరిగా పెట్టలేదన్నమాట. అప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లలు అక్కడే ఆగిపోతారు.

శబ్దాలు చేసే పుస్తకమైతే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు బ్యాటరీ చూడండి. గుండీలా ఉండే బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మూత స్క్రూతో బిగించి ఉండాలి. గోటితో ఊడివస్తే ఆ పుస్తకం ఇంట్లో ఉంచకండి. పిల్లలు మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పటికే కొనేసి ఉంటే, పిల్లలకు ఇవ్వకముందే పది పుస్తకాలూ చదివేయండి, గంట కూడా పట్టదు. తప్పున్న ప్రతి పేజీకీ పేజీ నంబరు కనిపించేలా ఫోటో తీయండి. తిరిగి పంపేటప్పుడు కారణంగా "నచ్చలేదు" అని కాకుండా "వివరణలో చెప్పిన వస్తువు ఇది కాదు" అన్నది ఎంచుకుని, అమ్మకం పేజీలో "దయ, మర్యాద" అని రాసి ఉన్న భాగం స్క్రీన్‌షాట్ కూడా జత చేయండి. ఆ స్క్రీన్‌షాట్ కొన్న రోజే తీసి పెట్టుకోండి, ఫిర్యాదులు మొదలయ్యాక వివరణ మార్చేసే అవకాశం ఉంది.