ఆజాద్ వీసానా, కంపెనీ వీసానా, బహ్రెయిన్ కార్డా? చేతిపని ఉన్నవాళ్ళకి ఏది మేలు

మలికిపురంలో నాది చిన్న ఏసీ రిపేరు షాపు. అంతకుముందు అయిదేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చానని చుట్టుపక్కల అందరికీ తెలుసు. అందుకే రాజోలు, సఖినేటిపల్లి, అటు రేవు దాటి నరసాపురం నుంచి కూడా కుర్రాళ్ళు వచ్చి ఒకటే అడుగుతుంటారు. "పని వచ్చు కదండీ, ఎవరి కిందో జీతానికి చేరేకంటే ఆజాద్ వీసా మీద వెళ్ళి సొంతంగా చేసుకుంటే మేలు కదా?" పోయిన నెల మా అక్క కొడుకు కూడా అదే మాట అన్నాడు. వాడి కోసం అక్కావాళ్ళు ముప్పై సెంట్ల కొబ్బరితోట మూడేళ్ళ లీజుకిచ్చి ఆ డబ్బు ఏజెంటుకి కట్టడానికి సిద్ధపడ్డారు. అందుకని ఈసారి నోటిమాటగా చెప్పి వదిలేయకుండా రాస్తున్నాను.

ముందు ఆజాద్ సంగతి. ఆ పేరుతో ఏ దేశంలోనూ వీసా లేదు. కాగితం మీద మనం ఒక కఫీల్ (మన వీసాకి పూచీ ఉండే అక్కడి స్పాన్సరు) ఇంట్లో పనివాళ్ళం, లేదా అతని కంపెనీలో ఉద్యోగులం. బయట మాత్రం మన పని మనం చేసుకుంటాం, ఏడాదికోసారి అతనికి డబ్బు కడతాం. నేను వెళ్ళింది ఇరవై నంబరు వీసా మీద, అంటే ఇంటి పనివాళ్ళకి ఇచ్చేది. అకామాలో, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్‌లో, నా పని ఇంటి డ్రైవరు. నాకు అప్పటికి లైసెన్సు కూడా లేదు. చేసింది ఏసీ పని.

సంపాదన బాగుండేది, ఆ మాట దాచను. ఎండాకాలం నెలకి మూడు వందల దినార్లు కళ్ళజూశాను. కంపెనీలో నాలాంటి మెకానిక్‌కి అప్పట్లో నూట ఇరవై, నూట యాభై. కానీ నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఏసీతో పనేముంటుంది? ఆ నెలల్లో కూడా గది అద్దె, తిండి, ఫోను ఖర్చు ఆగవు. కఫీల్‌కి ఏడాదికి నాలుగు వందలు కట్టాలి. ఇంటికి రావాలంటే టికెట్ మనదే. లెక్క వేసి చూసుకుంటే ఏడాది మొత్తానికి కంపెనీవాడి కంటే నాకు ఎక్కువ మిగిలింది కొంచెమే.

డబ్బు కంటే నాకు పెద్ద విషయం ఇంకొకటి ఉంది. నాలుగో ఏడు జులైలో, ఫర్వానియాలో ఒక బిల్డింగు మీద అవుట్‌డోర్ యూనిట్ దించుతుంటే నిచ్చెన జారింది. కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో కౌంటరు దగ్గర ఎడమ చేత్తో జేబులోంచి బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, తీసిచ్చాను. అక్కడి మనిషి దాన్ని చూసి, నన్ను చూసి, "ఎక్కడ పడ్డావు?" అని అడిగాడు. నా ప్యాంటు నిండా ఏసీ గ్రీజు. నేను "కఫీల్ ఇంట్లో" అన్నాను. నిజం చెబితే నేను చేస్తున్న పనే నేరం. కట్టు కట్టి పంపారు. గదికి వచ్చి కఫీల్‌కి ఫోను చేస్తే, "నువ్వు ఎక్కడ పడ్డావో నాకేం తెలుసు, వచ్చే నెల రెన్యువల్ డబ్బు మర్చిపోకు" అన్నాడు. రెండు నెలలు రూపాయి సంపాదన లేదు. అడగడానికి నాకు యజమాని లేడు, చూపించడానికి ఒప్పందం లేదు. కఫీల్‌కి కోపం వచ్చి నేను పారిపోయానని కేసు పెడితే మాత్రం పోలీసులు వెతికేది నన్నే. ఆ రెండు నెలలూ ఎవరు తలుపు తట్టినా టెన్షనే.

అప్పటి నుంచి ఏ వీసా గురించి అడిగినా నేను మొదట చూసేది ఒక్కటే. కార్డు మీద రాసిన పనీ, చేతులతో చేసే పనీ ఒకటేనా? అవి రెండూ కలిస్తే జీతం తక్కువైనా దెబ్బ తగిలినప్పుడు నిజం చెప్పగలం. కలవకపోతే ఎంత సంపాదించినా నోరు విప్పలేం. కువైట్‌లో 2025 జనవరి 5 నుంచి కొత్త రెసిడెన్సీ చట్టం అమల్లోకి వచ్చింది. వీసాలు అమ్ముకోవడం, ఒకరి వీసా మీద వచ్చినవాళ్ళని ఇంకొకరి దగ్గర పని చేయించడం, వీటి మీద అక్కడ ఇప్పుడు చాలా గట్టిగా ఉన్నారు. ఆజాద్ ఒకప్పటిలా నడుస్తుందనుకుని వెళ్ళొద్దు.

ఈ లెక్కన చూస్తే కంపెనీ వీసా, అంటే పద్దెనిమిది నంబరు, నాకు మేలుగా కనిపిస్తుంది. గది, టికెట్ సంగతి ఒప్పందంలో రాయించుకోవచ్చు. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బు కూడా వస్తుంది. నెల జీతం మీద పని చేసేవాళ్ళకి అక్కడి చట్టం ప్రకారం మొదటి అయిదేళ్ళు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం లెక్క. బయట పని చేసుకోవాలన్న ఆశకీ ఇప్పుడు కొంత దారి ఉంది. 2024 జనవరి నుంచి పద్దెనిమిది నంబరువాళ్ళకి పార్ట్‌టైమ్ పర్మిట్ ఇస్తున్నారు. కువైట్ ప్రభుత్వ సాహెల్ యాప్‌లో పెట్టుకోవాలి, మొదటి యజమాని ఒప్పుకోవాలి, రోజుకి నాలుగు గంటలు. నెలకైతే 5 దినార్లు, మూడు నెలలకి 10, ఆరు నెలలకి 20, ఏడాదికి 30. అది కూడా ఇంకో యజమాని దగ్గర చేసే పనే కానీ సొంత వ్యాపారం కాదు. అయినా కార్డుకీ పనికీ తేడా రాదు.

నిజంగా సొంతంగా చేసుకోవాలంటే గల్ఫ్‌లో మనలాంటివాళ్ళకి తలుపు తీసింది బహ్రెయిన్. 2017లో ఫ్లెక్సీ పర్మిట్ అని పెట్టారు. కఫీల్ లేకుండా, తన పేరు మీదే పర్మిట్ తీసుకుని పని చేసుకోవచ్చు. 2022 చివర్లో దాన్ని తీసేసి కార్మిక రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చారు. ఇప్పుడు రిజిస్ట్రేషన్ కేంద్రంలో పేరు నమోదు చేసుకోవాలి, పర్మిట్ ఫలానా వృత్తికి అని ఉంటుంది. ఏసీ పనివాడు ఏసీ పనివాడిగానే నమోదవుతాడన్నమాట. నా మనసుకి నచ్చిన పద్ధతి ఇదే, ఆ రోజుల్లో నాకు ఇలాంటిది ఉంటే ఆస్పత్రిలో అబద్ధం ఆడేవాణ్ణి కాదు. కానీ జాగ్రత్త. అది అప్పటికే బహ్రెయిన్‌లో ఉండి, పర్మిట్ పోయినవాళ్ళ కోసం పెట్టింది. ఊరి నుంచి నేరుగా తీసుకునే వీసా కాదు. "బహ్రెయిన్ ఫ్రీ కార్డు ఇప్పిస్తానండి, ముందు విజిట్ వీసా మీద వెళ్ళండి" అని ఎవరైనా అంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

దుబాయ్ ఫ్రీలాన్స్ గురించి కూడా అడుగుతున్నారు. ఫ్రీజోన్ (వ్యాపారాలకి వేరే నియమాలుండే ప్రాంతం) పర్మిట్లు డిజైన్, మీడియా, చదువు చెప్పడం, కంప్యూటర్ పనులకి. ఒక ఫ్రీజోన్‌లో పర్మిట్‌కే ఏడాదికి 7,500 దిర్హాములు. స్పాన్సరు లేకుండా ఉండే అయిదేళ్ళ గ్రీన్ వీసా కావాలంటే డిగ్రీ లేదా దానికి సమానమైన డిప్లొమా, గత రెండేళ్ళలో ఏడాదికి 3,60,000 దిర్హాముల సొంత సంపాదన చూపించాలి. మన డబ్బులో ఎనభై లక్షల పైమాటే. అమలాపురంలో కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళకి పనికొస్తుందేమో. సౌదీలో కఫీల్ లేని ప్రీమియం రెసిడెన్సీ ఏడాదికి లక్ష రియాళ్ళు, దాని గురించి మనకి అనవసరం.

మన దేశం వైపు కాగితం కూడా ఈ విషయంతోనే ముడిపడి ఉంది. పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది, వాళ్ళు గల్ఫ్‌కి పనికి వెళ్ళాలంటే మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో క్లియరెన్స్ కావాలి. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా చేయిస్తారు. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. ప్రమాదంలో చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. విజిట్ మీద దాటినవాడికి ఇవేవీ ఉండవు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. మా అక్కని అడిగింది దానికి ఆరు రెట్లు.

తోట లీజు ఆగింది. మావాడు ఇప్పుడు కువైట్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీ ఆఫరు చూస్తున్నాడు, జీతం నూట అరవై దినార్లు. మొన్న ఒప్పందం కాగితం ఫోనులో పంపాడు. ఇంగ్లీషులో ఏసీ టెక్నీషియన్ అని ఉంది. పక్కన అరబ్బీలో ఉన్న మాట నాకు తెలిసినంతలో చదివితే "ఆమిల్" అని ఉంది, అంటే కూలీ. "మావయ్యా, జీతం అదే కదా, ఏముందిలే" అన్నాడు. ఆ ఒక్క మాట మార్చి పంపిస్తేనే సంతకం పెట్టమన్నాను. కాగితం తిరిగి వెళ్ళింది, ఇంకా రాలేదు.