రివర్స్ మార్ట్‌గేజ్‌తో అమ్మానాన్నలకు ఇల్లు కొంటున్నారా? వాళ్లు ఏడాదిలో ఎన్ని నెలలు ఇండియాలో ఉంటారో ముందు లెక్కేసుకోండి

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ల కోసం, ముఖ్యంగా గ్రీన్ కార్డు మీద అమ్మానాన్నల్ని పిలిపించుకుని వాళ్లకు విడిగా ఒక చిన్న ఇల్లు చూసిపెట్టాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా అమ్మానాన్నలు డాలస్ దగ్గర, 55 ఏళ్లు దాటినవాళ్లు ఉండే కమ్యూనిటీలో రివర్స్ మార్ట్‌గేజ్‌తో ఇల్లు కొన్నారు. పోయిన ఏడాది ఆ ఇల్లు చేజారిపోయే పరిస్థితి వచ్చింది. కారణం, వాళ్లు గుంటూరులో ఎక్కువకాలం ఉండిపోవడం.

తెలియనివాళ్ల కోసం ముందు లోన్ సంగతి చెబుతాను. 62 ఏళ్లు, ఆపైన వయసున్నవాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ (ఇళ్ల లోన్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) బీమాతో దొరికే రివర్స్ మార్ట్‌గేజ్‌ను ఇక్కడ హెకమ్ అంటారు. ఉన్న ఇంటి మీద ఇలా అప్పు తీసుకునే పద్ధతి 1989 నుంచీ నడుస్తోంది. 2008లో వచ్చిన హౌసింగ్ చట్టం పుణ్యమా అని 2009 జనవరి నుంచి దీంతో కొత్త ఇల్లు కొనుక్కునే వీలు కూడా వచ్చింది. టెక్సస్‌లో దీనికి రాజ్యాంగ సవరణ అవసరమైంది. 2013లో ఓటర్లు ఒప్పుకున్నాక ఇక్కడా మొదలైంది. ఇంటి ధరలో కొంత మనం పెట్టుకుంటాం, మిగతాది లోన్. నెలనెలా కిస్తీ ఉండదు. వడ్డీ అసలులో కలిసి పెరుగుతూ ఉంటుంది. ఇల్లు అమ్మినప్పుడు, లేదా లోన్ తీసుకున్నవాళ్లు ఇద్దరూ పోయాక, లేదా ఆ ఇంట్లో కాపురం మానేసినప్పుడు మొత్తం తీర్చాలి.

ఇది మోసపు పథకమని నేను అనడం లేదు. ఇక్కడే స్థిరపడిపోయే పెద్దవాళ్లకు ఇది నిజంగా ఉపయోగమే. నాన్న హైదరాబాద్ ఫ్లాట్ అమ్మిన డబ్బంతా ఇంట్లోనే పోయకుండా కొంత చేతిలో ఉంచుకోగలిగారు. మా మీద ఆధారపడకుండా తన ఇంట్లో తానున్నానన్న తృప్తి ఆయనకు ఉంది. చివరికి అప్పు ఇంటి విలువను దాటిపోయినా ఆ తేడా కోసం పిల్లల ఆస్తుల జోలికి రారు. ఇవన్నీ నిజాలే. కానీ మాకు ఈ లోన్ అమ్మినతను ఈ మంచి మాటలు మాత్రమే చెప్పాడు, అసలు షరతును తప్పుగా చెప్పాడు.

అతనూ తెలుగువాడే, గుడిలో పరిచయమయ్యాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు గానీ కంపెనీ గానీ ఇక్కడ రాయను. "అంకుల్, ఇది గవర్నమెంట్ లోన్. జన్మలో ఇక కట్టేదేమీ ఉండదు. గ్రీన్ కార్డుకు ఉన్న రూలే దీనికీ. ఇండియా ఎప్పుడైనా వెళ్లి రావచ్చు, అమెరికాలో మళ్లీ అడుగు పెడితే చాలు" అని మా ఎదురుగానే చెప్పాడు. ఇందులో ఒక్కటీ సరైన మాట కాదు. డబ్బిచ్చేది ప్రైవేటు కంపెనీ. ప్రభుత్వం చేసేది బీమా, ఆ ప్రీమియం కట్టేది మనం. ఇలాంటి మాటలు అతనొక్కడే చెబుతున్నాడనుకోకండి. ఇల్లు పోయే ప్రసక్తే లేదని, కట్టాల్సిందేమీ ఉండదని ప్రకటనలు ఇచ్చినందుకు 2016 డిసెంబరులో సీఎఫ్‌పీబీ (ఆర్థిక వ్యవహారాల్లో వినియోగదారులను కాపాడే ప్రభుత్వ సంస్థ) మూడు రివర్స్ మార్ట్‌గేజ్ కంపెనీలకు జరిమానా వేసింది.

ఇండియా ప్రయాణం సంగతికి వస్తాను, మన కుటుంబాలకు దెబ్బ తగిలేది అక్కడే. ఈ లోన్ నిలబడేదే ఆ ఇల్లు వాళ్ల ప్రధాన నివాసం అన్న షరతు మీద. కొన్న 60 రోజుల్లోపు అందులో చేరాలి. ఆ తర్వాత ఏటా ఒక కాగితం వస్తుంది, ఇంకా ఇక్కడే ఉంటున్నామని సంతకం పెట్టి తిప్పి పంపాలి. రెండు నెలలు దాటి ఊరు వెళ్తుంటే లోన్ చూసుకునే సర్వీసర్‌కు ముందే చెప్పి వెళ్లాలి. ఆరోగ్య కారణం కాకుండా ఆరు నెలలు దాటి బయట ఉంటే అది ఇక ప్రధాన నివాసం కాదని వాళ్లు తేల్చవచ్చు. ఆసుపత్రి, నర్సింగ్ హోమ్ లాంటి కారణాలైతే వరసగా 12 నెలల వరకు ఆగుతారు. లోన్‌లో ఇద్దరి పేర్లూ ఉంటే ఒక్కరు ఆ ఇంట్లో ఉన్నా ఇబ్బంది లేదు. కానీ మన అమ్మానాన్నలు ఒకరిని వదిలి ఒకరు వెళ్లరు కదా.

మా ఇంట్లో జరిగింది ఇదీ. నాన్నకు గుంటూరులో మోకాలి ఆపరేషన్ చేయించారు. నెమ్మదిగా నడక మొదలుపెట్టేసరికి మా పెద్దనాన్న కన్నుమూశారు. సంవత్సరీకాలు అయ్యేదాకా కదలనని నాన్న పట్టుపట్టారు, అమ్మ ఆయన్ని వదిలి రాలేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ఇచ్చే రీఎంట్రీ పర్మిట్ తీసుకునే వెళ్లారు కాబట్టి ఇమిగ్రేషన్ పరంగా టెన్షన్ లేదు. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. రీఎంట్రీ పర్మిట్ కాపాడేది గ్రీన్ కార్డును మాత్రమే. లోన్ ఇచ్చిన కంపెనీకి దానితో సంబంధం లేదు. ఈ రెండూ ఒకటేనన్న భ్రమలో చాలా కుటుంబాలు ఉన్నాయి, ఆ లోన్ ఏజెంటు మమ్మల్ని ఉంచిందీ ఆ భ్రమలోనే.

సంతకం పెట్టాల్సిన కాగితం తాళం వేసిన ఇంటి మెయిల్‌బాక్సులోకి వచ్చి పడింది. జవాబు రాకపోయేసరికి సర్వీసర్ తరఫున ఎవరో వచ్చి ఇల్లు చూసి, పక్కింటివాళ్లను అడిగి వెళ్లారు. ఈలోపు ఇంటి ఇన్సూరెన్స్ రెన్యూ కాలేదు. దాంతో సర్వీసరే ఎక్కువ ప్రీమియంతో వేరే పాలసీ తీసుకుని, ఆ ఖర్చును అప్పులో కలిపేశాడు. ఆ తర్వాత వచ్చింది లోన్ మొత్తం తీర్చమని అడిగే దశకు వెళ్తున్నామన్న నోటీసు. అమ్మానాన్నలు ఉన్నపళంగా టికెట్లు తీసుకుని వచ్చారు. ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ, విమాన టికెట్లు, కరెంటు బిల్లులు అన్నీ పెట్టి, హడ్ (అమెరికా ప్రభుత్వ గృహవసతి శాఖ) కౌన్సెలర్ సాయంతో నెలల తరబడి ఫోన్ల మీద నడిచాక సర్వీసర్ వెనక్కి తగ్గాడు. డెబ్బై దాటిన మనిషి, జీవితమంతా దాచుకున్న డబ్బు పెట్టిన ఇల్లు ఉంటుందో ఊడుతుందో తెలియక నిద్రపోకుండా కూర్చోవడం చూశాను. ఏ ఇంట్లోనూ అది జరగకూడదు.

తాళం వేసిన ఇంటి గురించి ఇంకొకటి. ఇల్లు 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకు క్లెయిమ్ ఇవ్వమని చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో రాసి ఉంటుంది. చలికాలంలో పైపులు పగిలితే ఏమవుతుందో టెక్సస్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఖాళీగా ఎందుకని, తాము లేనన్నాళ్లూ ఇల్లంతా వేరేవాళ్లకు అద్దెకిచ్చేద్దామనే ఆలోచన కూడా వద్దు. ప్రధాన నివాసం అన్న షరతు అక్కడే తెగిపోతుంది.

"కట్టేదేమీ ఉండదు" అన్న మాట చూద్దాం. ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు, రిపేర్లు అన్నీ మనవే. ఇవి కట్టకపోయినా డిఫాల్ట్ కిందే లెక్క, ఫోర్‌క్లోజర్ (అప్పు కింద ఇల్లు పోవడం) దాకా వెళ్లవచ్చు. ఇవి కట్టే శక్తి ఉందా లేదా అని 2015 నుంచి ఆదాయం, క్రెడిట్ చూస్తున్నారు. ఇండియా పెన్షన్ ఒక్కటే ఆధారమైనవాళ్లకు ఇది ఇరుకైన చోటు. ఆదాయం చాలదనుకుంటే టాక్సులకని లోన్‌లోంచి కొంత పక్కన పెట్టేస్తారు, అప్పుడు మనం పెట్టుకోవాల్సిన డబ్బు ఆ మేరకు పెరుగుతుంది. అసలే ఈ వయసులో, వడ్డీలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇంటి ధరలో సగం కంటే ఎక్కువే చేతి నుంచి పెట్టాల్సి వస్తుంది. ఆ డబ్బు ఇంకోచోట అప్పు తెచ్చింది కాకూడదు. పిల్లలు గిఫ్టుగా ఇవ్వవచ్చు గానీ ప్రతి డాలరు ఎక్కడినుంచి వచ్చిందో కాగితాలు చూపించాలి. ఇండియాలో ఆస్తి అమ్మి తెచ్చేవాళ్లు సేల్ డీడ్ నుంచి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వరకు అన్ని కాగితాలూ దగ్గర పెట్టుకోండి.

ఖర్చులు కూడా కాగితం మీద వేసి చూడండి. 4 లక్షల డాలర్ల ఇంటికి మొదట్లోనే 2 శాతం బీమా ప్రీమియం, అంటే 8,000 డాలర్లు. లోన్ కంపెనీ ఫీజు 6,000 డాలర్ల దాకా ఉండవచ్చు. టైటిల్, అప్రైజల్ వగైరాలు వేరే. ఆ తర్వాత వడ్డీతో పాటు ఏటా మిగిలి ఉన్న అప్పు మీద అర శాతం బీమా. రెండూ కలిపి ఏడున్నర శాతం అనుకుంటే 2 లక్షల డాలర్ల అప్పు పదేళ్లు తిరిగేసరికి 4 లక్షలు దాటుతుంది. రెండు మూడేళ్లలో అమ్మానాన్నలు ఇండియాకు తిరిగి వెళ్లిపోవచ్చన్న ఆలోచన ఏ మూల ఉన్నా ఈ లోన్ వద్దనే చెబుతాను.

ఇద్దరి మధ్య వయసు తేడా ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. లోన్ ఎంతొస్తుందన్నది సాధారణంగా ఇద్దరిలో చిన్నవాళ్ల వయసును బట్టి లెక్కిస్తారు. అమ్మకు ఇంకా 62 రాకపోతే ఆవిడ లోన్‌లో ఉండలేదు. అయినా భార్యగా ఆవిడ పేరు కాగితాల్లో సరిగ్గా నమోదైతేనే నాన్న తర్వాత ఆ ఇంట్లో కొనసాగడానికి రక్షణ ఉంటుంది. "ఆంటీ పేరు ఎక్కడా చూపించకుండా చేసేద్దాం, లోన్ ఎక్కువొస్తుంది" అని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

లోన్‌కు ముందు హడ్ గుర్తింపు ఉన్న కౌన్సెలర్‌తో మాట్లాడటం తప్పనిసరి. మా ఏజెంటు "అది ఫార్మాలిటీ, అన్నిటికీ యెస్ అనండి" అన్నాడు. మీరు మాత్రం అలా చేయకండి. ఆ కౌన్సెలర్‌కు లోన్ అమ్మాల్సిన అవసరం లేదు. ఇంగ్లీషు ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. "మేం ఏటా ఇన్ని నెలలు ఇండియాలో ఉంటాం, మా లోన్ ఏమవుతుంది?" అన్న ప్రశ్న అమ్మానాన్నలతోనే అడిగించండి. అదే ప్రశ్న లోన్ ఆఫీసర్‌కు ఈమెయిల్‌లో పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. ఉన్న ఇంటి మీద రివర్స్ మార్ట్‌గేజ్ తీసుకుంటే సంతకం పెట్టాక మనసు మార్చుకోవడానికి మూడు రోజుల గడువు ఉంటుంది. ఇల్లు కొనడానికి తీసుకుంటే ఆ గడువు ఉండదు. క్లోజింగ్ టేబుల్ దగ్గర సంతకం పెట్టారంటే అయిపోయినట్టే.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. ఇండియాలో 2007లో మొదలైన రివర్స్ మార్ట్‌గేజ్ 60 ఏళ్లు దాటినవాళ్లు తాము ఉంటున్న సొంతింటి మీద తీసుకునేది, వైద్యానికీ ఇంటి ఖర్చులకూ ఉద్దేశించింది. అమెరికాలోలాగా దాంతోనే కొత్త ఇల్లు కొనే పథకం అక్కడ లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా ఆ పేరుతో ఫ్లాటో ప్లాటో చూపిస్తే ముందు మీ బ్యాంకుకు వెళ్లి అడగండి.

ఇప్పటికే ఈ లోన్ ఉండి అమ్మానాన్నలు ఇండియాలో ఉన్నవాళ్లు ఈరోజే సర్వీసర్‌కు ఫోన్ చేసి, వాళ్లు ఎప్పుడు తిరిగి వస్తారో చెప్పండి, చెప్పినట్టు ఈమెయిల్ కూడా పెట్టండి. ఫోన్‌లో మీతో మాట్లాడాలంటే అమ్మానాన్నలు రాసిచ్చిన అనుమతి కావాలి, అది వాళ్లు ప్రయాణమయ్యే ముందే తీసుకోవడం మంచిది. ఉత్తరాలు మీ అడ్రసుకు కూడా పంపమని అడగండి. నోటీసు వచ్చేసి ఉంటే ఒక్కరోజు కూడా ఆగకుండా హడ్ కౌన్సెలింగ్ నంబరు 800-569-4287కు ఫోన్ చేయండి. ఏజెంటు అబద్ధం చెప్పి అమ్మాడనిపిస్తే సీఎఫ్‌పీబీకి ఫిర్యాదు పెట్టండి, అతను పంపిన మెసేజీలు, బ్రోచర్లు ఏవీ డిలీట్ చేయకండి.