పోడు పట్టాకు ఏ సాక్ష్యం మేలు: పాత కాగితమా, పెద్దల మాటా, శాటిలైట్ ఫోటోనా?

అటవీ హక్కుల చట్టం కింద పట్టాకు దరఖాస్తు పెడదామనుకోగానే చాలామంది పరిగెత్తేది రికార్డు రూముకే. దొరికితే మంచిదే. కానీ ఏజెన్సీలో బోలెడంత పోడు అసలు సర్వే గొలుసు ముఖమే చూడలేదు, రెవెన్యూ పుస్తకంలో ఊరి పేరుంటుంది గానీ కొండ మీది సాగు ఉండదు, అటవీ శాఖ మ్యాపులోనేమో ఆ కొండంతా ఒకే రిజర్వు బ్లాకు. ఎదుటి పార్టీ రాసుకున్న పుస్తకంలో మన పొలం ఎందుకుంటుంది చెప్పండి?

అయితే ఆ శాఖ చేతి నుంచే వచ్చిన ఒక కాగితం మాత్రం బంగారం. పోడు కొట్టారని అప్పట్లో పెట్టిన కేసు, లేదా కట్టించుకున్న జరిమానా రసీదు. ఈ చట్టం కింద హక్కు రావాలంటే 2005 డిసెంబర్ 13కి ముందే భూమి చేతిలో ఉండాలి కదా, కాగితం మీది తేదీ దానికి ముందుదైతే, అప్పటికే మీవాళ్లు ఆ భూమిలో ఉన్నారని ప్రభుత్వమే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు. తాత మీద కేసుందని సిగ్గుపడి దాచేసే ఇళ్లున్నాయి, ముందు ఆ ట్రంకుపెట్టె తెరవండి.

శాటిలైట్ ఫోటో చూడ్డానికి గొప్పగా ఉంటుంది, అధికారులకు అదంటే మోజు కూడా. కానీ అప్పట్లో మన దగ్గర బాగా వాడిన లిస్-3 (మన ఉపగ్రహాల్లోని ఒక కెమెరా) చిత్రాల్లో ఒక్కో చుక్క 23.5 మీటర్ల చదరం, అంటే ఎకరం మొత్తం కలిపి ఏడు చుక్కలు. పైగా పోడులో ఇప్పచెట్లు నరకరు, కొన్నేళ్లు బీడు పెడతారు, పైనుంచి చూస్తే అదీ అడవే. ఫోటోలో సాగు కనబడలేదని దరఖాస్తు కొట్టేస్తే ఊరుకోవద్దు. శాటిలైట్ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడే తప్ప వాటికి బదులు కాదని ఈ చట్టం రూల్స్‌కు చేసిన 2012 సవరణలోనే ఉంది.

నా ఓటు పెద్దల మాటకే, అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పింది రాతలో పెడితే అది సాక్ష్యమేనని ఆ రూల్స్‌లో 13వది చెబుతుంది. చిక్కల్లా రాయించే పద్ధతిలోనే ఉంది: "అనాదిగా సాగు చేస్తున్నారు" అని ఒకే వాక్యం ఇరవై కాగితాల మీద టైపు చేసి వేలిముద్రలు వేయిస్తే ఏ కమిటీ నమ్ముతుంది? ఏ వాగు దాకా కొట్టారు, గట్టు ఎవరు వేశారు, సమాధి రాళ్లు ఎక్కడున్నాయి, ఫారెస్టు గార్డు ఏ కాలంలో వచ్చి పంట తొక్కించాడు, ఇవన్నీ వాళ్ల మాటల్లోనే రాయాలి. ఆ గార్డు ముచ్చట బయటికొస్తేనే కదా ఏ ఏడాది కేసు ఫైలు అడగాలో తెలిసేది! కాగితాలు ఆగుతాయి, ఎనభై దాటిన మనిషి ఆగడు.

ఎలాగూ రూలు ప్రకారం ఒకటికి మించి సాక్ష్యాలు చూడాల్సిందే కాబట్టి, వాంగ్మూలానికి గట్టు, బావి, సమాధుల ఫోటోలు, దొరికితే ఆ కేసు కాగితం జత చేయండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అప్పీలుకు గడువు 60 రోజులే.