బాక్స్‌టర్ హెడ్‌లైట్లు మార్చిన ఐదేళ్లకు

నా కారు 2003 మోడల్ పోర్షే బాక్స్‌టర్, 986 తరం. రెండు హెడ్‌లైట్లూ మార్చి, వాటి మీద పారదర్శకమైన ఫిల్మ్ వేయించి ఐదేళ్లు దాటింది. ఈలోగా కారు 40,000 కిలోమీటర్ల పైనే తిరిగింది. అందులో ఎక్కువ భాగం హైవే మీద, చాలావరకు రాత్రి పూట. కొత్త లైట్లు ఏవైనా మొదటి వారం మెరుస్తాయి, అందుకే ఇన్నాళ్లూ ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు పాత లైట్ల సంగతి. లైటు ముందుండే పారదర్శకమైన కప్పును అలవాటుగా అద్దం అంటాం గానీ అది గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. గాజులా భళ్లున పగలదు, తేలిక, ఎంత వంపు కావాలన్నా అచ్చులో వస్తుంది. కానీ మెత్తన. గీతలు తొందరగా పడతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పాడవుతుంది. అందుకే తయారీలోనే దాని మీద పల్చటి గట్టి కోటింగ్ వేస్తారు. ఆ కోటింగ్ అరిగిన చోట పసుపు మొదలవుతుంది. నా కారుకి పై సగమే ముందు పసుపెక్కింది, కింది సగం చాలాకాలం బాగానే ఉంది. ఇలాంటి స్పోర్ట్స్ కార్లకు ముక్కు కిందికి వాలి, లైటు వెనక్కి పడుకున్నట్టు ఉంటుంది కదా, పై భాగం పొద్దస్తమానం ఎండకు మాడుతుంది. పైగా కారు నేలకు దగ్గర. ముందు బండి టైరు లేపిన రాళ్లు నేరుగా వచ్చి తగిలేది కూడా అక్కడే.

మొదట నేనూ అందరిలాగే పాలిష్ పట్టాను. తడి ఎమరీ పేపరుతో 800 నంబరు నుంచి మొదలుపెట్టి 1500, 2000, 3000 దాకా (నంబరు పెరిగేకొద్దీ నునుపు) రుద్ది, చివర్లో కాంపౌండ్ అనే మెరుగు పేస్టు. సాయంత్రానికి అద్దం నీళ్లలా తేటగా వచ్చింది, నాకు ఎంత సంతోషమో. ఏడాది తిరగకుండానే మళ్లీ మసకబారింది, ఈసారి మునుపటికన్నా వేగంగా. కారణం ఆలస్యంగా అర్థమైంది. పసుపుతో పాటు మిగిలిన కోటింగ్ కూడా నేనే గీకేశాను. పాలిష్ పట్టాక దాని మీద అతినీలలోహిత కిరణాలను ఆపే క్లియర్ కోటో, ఫిల్మో వేయకపోతే ఆ శ్రమంతా వృథా. టూత్‌పేస్టుతో రుద్దితే చాలనే చిట్కా కూడా నాలుగు రోజుల ముచ్చటే.

ఆ తర్వాత ఒక రాత్రి టిప్పర్ వెనక వెళ్తుంటే టప్పుమని శబ్దం. పొద్దున చూస్తే ఎడమ లైటు కింది మూలలో వెంట్రుక వాసి పగులు. పైకి చిన్నదే. వానలు పడ్డాక లోపల నీటి బొట్లు నిలిచాయి. చలి పొద్దున లైటు లోపల కాస్త ఆవిరి పట్టి, కాసేపు వెలిగించగానే పోతే కంగారు అక్కర్లేదు. గాలి ఆడేందుకు లైటు వెనక సన్నటి దారులు ఉంటాయి, ఆ ఆవిరి అలా వెళ్లిపోతుంది. బొట్లు బొట్లుగా నిలిచి మర్నాటికీ పోకపోతే మాత్రం నీరు దిగుతున్నట్టే. నెల తిరిగేసరికి బల్బు వెలుగును ముందుకు తిప్పే లోపలి రిఫ్లెక్టర్ మీద తెల్లటి మచ్చ లేచింది. రిఫ్లెక్టర్ మెరుపంతా అతి పల్చటి అల్యూమినియం పూత. గుడ్డ పెట్టి తుడిస్తే మచ్చతో పాటు పూత కూడా ఊడొస్తుంది. అద్దం ఎంత తళతళలాడినా వెనక పూత పోతే రోడ్డు మీద వెలుగు ఉండదు. అప్పుడే మార్చాలని తేల్చుకున్నాను.

ముందు ఎడమ లైటు ఒక్కటే, సెకండ్ హ్యాండ్‌లో తెప్పించాను. అమ్మినవాళ్లు చెప్పని విషయం, అది రోడ్డుకు రెండో పక్క నడిపే దేశపు కారుది. డిమ్ లైటు వెలుగు రెండు వైపులా సమానంగా పడదు. మన పక్క అంచు మీద కాస్త పైకి లేచి, ఎదుటి బండి వైపు కిందికి ఆగుతుంది. ఎడమ పక్క నడిపేచోట ఎడమకు లేవాలి, కుడి పక్క నడిపేచోట కుడికి. నాది తిరగబడి ఎదుటివాళ్ల కళ్లలోకి కొట్టింది. వచ్చిన ప్రతి బండీ నాకు డిప్పర్ ఇస్తుంటే మొదట అర్థం కాలేదు. గోడ ముందు ఆపి చూశాక తెలిసింది. పాత లైటు కొనేవాళ్లు బేరం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. చివరికి ఒరిజినల్ జతే కొన్నాను. జత ఎందుకంటే ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే వెలుగు ఒక వైపు తెల్లగా, ఒక వైపు మసకగా పడి కళ్లు అలసిపోతాయి.

బిగించే పని దగ్గర ఈ కారును మెచ్చుకోకుండా ఉండలేను. చాలా స్పోర్ట్స్ కార్లలో లైటు తీయాలంటే ముందు బంపరే ఊడదీయాలి. ఇందులో ఇంజిన్ మధ్యలో ఉంటుంది కాబట్టి ముందు వైపు డిక్కీ. దాని పక్కన కార్పెట్ మడిస్తే రబ్బరు మూత కనిపిస్తుంది. అందులోంచి కారుతో వచ్చిన స్పానర్ దూర్చి తిప్పితే లోపలి లాక్ వదులుతుంది. లైటు మొత్తం పట్టాల మీద సొరుగులా ముందుకు జారి చేతిలోకి వస్తుంది. వైరు కనెక్టర్ కూడా దానంతట అదే విడిపోతుంది. పెట్టేటప్పుడు రెండు చేతులతో సమంగా నెట్టి, స్పానర్ తిప్పి, లాక్ పూర్తిగా పడిందని చెవితో విని, తర్వాత లైటు పట్టుకుని లాగి చూడాలి. సగం లాక్‌లో వదిలితే కుదుపులకు కదులుతుంది. బల్బు హెచ్7 రకం హాలోజెన్, 55 వాట్లు. దాని గాజును వట్టి వేళ్లతో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి త్వరగా పోతుంది. హాలోజెన్ లైటులో ఎల్‌ఈడీ బల్బు దూర్చమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను వద్దన్నాను. రిఫ్లెక్టర్‌ను ఫిలమెంట్ ఉండే చోటుకు లెక్కగట్టి తయారుచేస్తారు. వెలుగు పుట్టే చోటు మారితే ఆ లెక్క తప్పుతుంది.

తర్వాత ఎత్తు సరిచూసుకున్నాను. చాలామంది వదిలేసే పని ఇదే. సమతలమైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో కారు ఆపి, టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్ సీట్లో మనిషి కూర్చున్నాక చూడాలి. లైటు మధ్యబిందువు ఎత్తు కన్నా గోడ మీద వెలుగు అంచు సుమారు 10 సెంటీమీటర్లు కింద పడాలి. అంటే ఒక శాతం వాలు. ఈ కారు లైటే నేలకు దగ్గర, దాన్ని ఇంకా దించి పెడితే కొత్త లైట్లు కూడా గుడ్డివే.

ఫిల్మ్‌ను మాత్రం కారు రోడ్డెక్కకముందే వేయించాను. ఇది థర్మోప్లాస్టిక్ పాలియురేథేన్ అనే సాగే ప్లాస్టిక్, పెయింట్ మీద వేసే రకం 0.2 మిల్లీమీటర్ల దాకా మందం ఉంటుంది, లైట్లకు అంతకన్నా మందమైనది కూడా దొరుకుతుంది. సబ్బు నీళ్లు చల్లి, వేడితో సాగదీస్తూ, స్క్వీజీతో, అంటే నీళ్లు లాగే పట్టీతో, నీళ్లు బయటికి తోయాలి. కుడి వైపు నేనే ప్రయత్నించాను. వంపు దగ్గర సాగిన గీత పడింది, మధ్యలో దుమ్ము రేణువు చిక్కింది. తీసేసి రెండూ పనిమంతుడి చేత వేయించాను. మొదటి కొన్ని రోజులు అక్కడక్కడా తెల్లటి నీటి మరకలు కనిపించి అవే పోయాయి. రాత్రి వెలుగు తగ్గిందని నాకు అనిపించలేదు. పొగ రంగు ఫిల్ములు వేరే సంగతి. అవి వెలుగును మింగేస్తాయి, వాటిని నేను ఎవరికీ చెప్పను.

లోపాలూ ఉన్నాయి. రెండో ఏడు నుంచి ఫిల్మ్ అంచు చుట్టూ సన్నటి నల్ల గీతలా మురికి పట్టింది, ఎంత కడిగినా పూర్తిగా పోలేదు. ఒకసారి ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే ఎడమ మూల లేచింది, దాన్ని మళ్లీ అతికించలేకపోయాం. నాలుగేళ్లు దాటేసరికి పై భాగంలో ఫిల్మే లేత పసుపు తిరిగింది, దగ్గరగా చూస్తేనే తెలిసేంత. సన్నటి గీతలు ఎండ వేడికి మానిపోవడం నిజమే గానీ రాతి దెబ్బ గుంట మానదు.

మొన్న నెలలో పాత ఫిల్మ్ తీయించాను. హీట్ గన్‌తో మెల్లగా కాస్తూ మూల పట్టి లాగితే ఒకే ముక్కగా వచ్చింది. దాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకుని లెక్కపెట్టాను. ఎడమ దాని మీదే పదకొండు గుంటలు, అందులో ఒకటి మినప గింజంత, చుట్టూ తెల్లటి నక్షత్రంలా చీలి ఉంది. ఆ గుంట ఉన్న చోటే అద్దం మీద గోరు ఆనించి జరిపాను. గోరు ఎక్కడా ఆగలేదు. మర్నాడే కొత్త ఫిల్మ్ వేయించాను, ఈసారి కాస్త మందమైనది.