వానలో టొటోరో

హయావో మియాజాకీ దర్శకత్వంలో 1988లో విడుదలైన జపనీస్ యానిమేషన్ చిత్రం ‘మై నైబర్ టొటోరో’ ఇంటిల్లిపాదీ కలిసి చూడదగినదని నిస్సంకోచంగా చెప్పగలను. ఆసుపత్రిలో ఉన్న తల్లికి దగ్గరగా ఉండేందుకు తండ్రితో పల్లెకు వచ్చిన అక్కాచెల్లెళ్లు సత్సుకి, మేయిల కథ ఇది. వాన కురిసే రాత్రి, నిద్రపోతున్న చెల్లెలిని వీపున మోస్తూ బస్సు కోసం నిలబడ్డ సత్సుకి, పక్కకు వచ్చి నిలిచిన టొటోరోకు (అడవిలో ఉండే వింత జీవి) తండ్రి గొడుగును అందిస్తే, దానిపై టపటపా రాలే చినుకుల చప్పుడుకు మురిసిపోయిన ఆ భారీకాయం ఒక్క గెంతు గెంతి చెట్ల మీది నీళ్లన్నీ రాల్చే ఘట్టం చిత్రానికే తలమానికం. ప్రతినాయకుడు లేకుండానే 86 నిమిషాలు కథను నడిపించడం సామాన్యమైన విషయం కాదు. అయితే ప్రథమార్ధం చాలా నిదానంగా సాగుతుంది. మేయి తప్పిపోయాక పెరిగిన ఆందోళన, పిల్లి రూపంలో ఉండే మాయా బస్సు రాగానే ఇట్టే తీరిపోవడం మాత్రం నాకు తొందరపాటుగా తోచింది.