పాప కోసం మూడు ఆసుపత్రులు తిరిగాం

పాపకి అయిదో నెల. కళ్ళు ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండేవి, నిద్రలో గురక. పిల్లల డాక్టరు క్రూజాన్ సిండ్రోమ్ (పుర్రె, ముఖం ఎముకల అతుకులు ముందే కలిసిపోయే పుట్టుక జబ్బు) అని అనుమానపడి, తల, ముఖం ఎముకలు సరిచేసే క్రేనియోఫేషియల్ సర్జన్‌కి చూపించమన్నారు. ఆ మాట నోరు తిరిగేలోపే ప్రయాణం మొదలైంది.

మొదటి చోట బిల్డింగు చూసి ధైర్యం వచ్చింది. కానీ న్యూరోసర్జన్ ఒక రోజు, కంటి డాక్టరు మరో రోజు, ఈఎన్‌టీ పై వారం. ఒకరు రాసింది ఇంకొకరు చదవలేదు. ఇలాంటి కేసులు ఏడాదికి ఎన్ని చేస్తారని అడిగితే "చేస్తుంటాం" అన్నారు. అక్కడే మనసు విరిగింది.

రెండో చోట లాడ్జి దూరం, మెట్లు, రాత్రంతా పాప ఊపిరి వింటూ టెన్షన్. సర్జన్ మాత్రం నిజాయితీపరుడు. తమ దగ్గర పిల్లల ఐసీయూ లేదనీ, ఈ ఆపరేషన్ తాను చెయ్యననీ చెప్పి మూడో చోటికి ఉత్తరం రాసిచ్చారు.

అక్కడ వారానికి ఒకరోజు అందరూ ఒకే హాల్లో కూర్చుంటారు. ప్లాస్టిక్ సర్జన్ బొటనవేలితో పాప తలని ఒక చెవి పైనుంచి రెండో చెవి పైదాకా తడిమి, నా వేలు కూడా పెట్టించారు. పుర్రె ఎముకల మధ్య మెత్తగా ఉండాల్సిన అతుకు గట్టుకట్టి ఉంది. కంటి డాక్టరు చుక్కలు వేసి, లైటు ఆర్పి కంటి వెనక నరం చూశారు. ఉబ్బింది, అంటే పుర్రెలో ఒత్తిడి. ముందు తల వెనకభాగం పెద్దది చెయ్యాలనీ, ముఖం ఎముకల పని పెద్దయ్యాకనీ అప్పుడే తేల్చారు. 1912లో క్రూజాన్ దీన్ని ఒక తల్లీ కొడుకుల్లో గుర్తించాడని జెనెటిక్స్ డాక్టరు చెప్పగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ జబ్బుకి మూలం ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 అనే జీన్‌లో తేడా. మా ఇద్దరిలోనూ అది లేదట. పాపలో కొత్తగా వచ్చిందే.

లోపం లేదనను. పొద్దున వెళితే సాయంత్రం దాకా కూర్చోవాలి, పాపని పడుకోబెట్టడానికి చోటుండదు. అయినా ఏడాదికి ఎన్ని చేశారో, ఎన్నింట్లో ఇబ్బంది వచ్చిందో అడక్కుండానే చెప్పారు. తోడుండేవాళ్ళకి ఆసుపత్రి గదులు వార్డుకి పక్కనే.

వెళ్ళేవాళ్ళు పాత సీటీ స్కాన్ సీడీ తప్పక తీసుకెళ్ళండి. మాది ఉండబట్టే పాపకి మళ్ళీ రేడియేషన్ తప్పింది. దానికోసం మొదటి ఆసుపత్రి చుట్టూ రెండుసార్లు తిరగాల్సొచ్చింది లెండి.